గడ్డి కుక్కిన గంట

సంచి ఒళ్లో పెట్టుకున్నాను. కింద పెట్టడానికి మనసొప్పలేదు, పైన పెడితే ఎవరో ఒకరు తమ మూట దాని మీద పడేస్తారు. సంచిలో ఒక చీర, మా వదిన కట్టిచ్చిన రెండు జొన్నరొట్టెలు, ఒక గంట. గొర్రె మెడలో కట్టే గంట. తాండూరు స్టేషన్లో రైలు కదిలినప్పుడు పెట్టె ఒక్క కుదుపు కుదిపింది, నా ఒళ్లో సంచీ ఎగిరిపడింది, అయినా గంట నోరు మెదపలేదు. ఎలా మెదుపుతుంది, దాని నోటినిండా గడ్డి కుక్కి ఉంటే. కుక్కింది నేనే, సోమవారం పొద్దున, ఈ చేతులతోనే. ఇవాళ గురువారం. సోమవారం నుంచి అక్కడ వికారాబాదులో నవాబు గడ్డి ముట్టలేదు. నవాబంటే మనిషనుకునేరు, గాడిద. రెండు కళ్లూ పోయిన ముసలి గాడిద. గాడిదకు నవాబని పేరేమిటని నేను మొదట్లోనే అడిగాను. "నడక సూడు అక్కా, ఎట్ల నడుస్తుండో" అంది మహెక్. నడక నవాబుదే, ఒప్పుకుంటాను. ముందు ఏముందో కనపడనివాడు అలాగే నడుస్తాడు, తల ఎత్తి, ఒక్కో అడుగూ ఆలోచించి.

పొద్దున్నే మహెక్ ఫోన్ చేసింది. అప్పటికి నేను పెద్దేముల్‌లో మా పుట్టింటి అరుగు మీద కూర్చుని ఏ పనీ చేయడం లేదు. మూడు రోజులుగా ఏ పనీ చేయడం లేదు. "బుగ్గక్కా, ఇయ్యాల గూడ తినలే. నీళ్లు జర తాగిండు, గంతే. గాడిదలు గిట్ల తిండి బంద్ వెడితే నెత్తురుల కొవ్వు చేరుతది, కార్జం ఖరాబైతది. ఇంజక్షన్ ఇచ్చిన, గ్లూకోజ్ ఎక్కిచ్చిన. రేపటిదాంక గిట్లనే ఉంటే ఇగ నా చేతుల ఉండదు." మహెక్ పశువుల డాక్టరు. ఎంత పెద్ద దెబ్బ చూసినా ఆ పిల్లకు మాట తడబడదు, ఇవాళ తడబడింది. కాసేపాగి, "గంట పట్కరా అక్కా, మన చిన్న గొర్రెకు కడదాం. సప్పుడు విని కదుల్తడేమో" అంది. వస్తానన్నాను. లేచి మా ఇలవేల్పు బీరప్ప పటం కింద కొయ్యకు వేలాడుతున్న గంటను తీస్తుంటే మా అన్న బీరన్న కందిచేనుకు పోబోయేవాడు గుమ్మంలో ఆగిపోయాడు. "గాడిద కోసమా? నాయిన గంట గాడిద కోసం తీస్కపోతవా?" అన్నాడు. "నాయినుంటే ఆయనే తీస్కపోతుండె" అన్నాను. నోటికొచ్చింది అనేశాను. ఆటోలో తాండూరు దాకా అదే మాట నా వెంట వచ్చింది, ఇప్పుడు రైల్లోనూ వస్తోంది.

మంద ముందు నడిచే గొర్రెకు గంట కడతారు. గంట ఎటు పోతే మంద అటు. అందుకే ఆ గొర్రెను అమ్మినా, అది చచ్చినా, మా ఇంట్లో మొదట చేసే పని గంట నోట్లో గడ్డి కుక్కడం. ఆ తర్వాతే మెడలోంచి విప్పుతారు. మిగతా మంద లేవకముందే, వాసన పట్టకముందే దాన్ని దూరం తీసుకుపోతారు. గంట ఇల్లు చేరి కొయ్యకెక్కుతుంది, ముందు నడవడానికి ఇంకొకదాన్ని ఎంచేదాకా ఆ గడ్డి తీయరు. నాకు పదేళ్లప్పుడు మా నాయన ఎంకయ్య ఒక్కసారి ఈ పని మరిచాడు. బంట్వారం బేరగాడు గంట గొర్రెను జీపులో ఎక్కించుకుని కదిలాడు, గంట గణగణమంటూనే పోయింది, తొంభై గొర్రెలూ జీపు వెనకాల తాండూరు రోడ్డెక్కాయి. వాటి వెనకాల నాయన, గొంగడి ఒకచోట, చెప్పులు ఒకచోట. ఎదురొచ్చిన బస్సు ఆగిపోతే కండక్టరు దిగి నాయన వెనకటి ఏడు తరాలనూ తిట్టాడు. మా ఇంట్లో ఏ పండుగ జరిగినా ఆ కథ చెప్పుకుని నవ్వేవాళ్లం. నాయన కూడా నవ్వి, నవ్వాక వేలు చూపించి, "గందుకే సచ్చినదాన్ని బతికినోటికి సూపియ్యొద్దు, సప్పుడు ఇనిపియ్యొద్దు" అనేవాడు. అది మందకు చెప్పిన మాట. మంద అన్నాక ఒకటి పోతే ఇంకొకటి ముందుకొస్తుంది, పొద్దు గూకేసరికి మరిచిపోతాయి. ఒంటి గాడిదకు ఆ మాట పనికొస్తుందా అని సోమవారం పొద్దున నాకు ఎందుకు తోచలేదు? యాభై రెండేళ్ల మనిషిని, నాలుగేళ్లుగా ఆ తోటలో పనిచేస్తున్నదాన్ని, తోచొద్దా?

రుక్మాపూర్‌లో ఆగింది. ఇది నడిచే రైలు కాదు, ఆగే రైలు. కిటికీలోంచి నాపరాళ్ల ముక్కల గుట్టలు, వాటి మీద తెల్లటి దుమ్ము, దుమ్ము మీద ఎండ. ఈ రాళ్ల మధ్యే నవాబు బతుకంతా గడిచింది. ఇసుకా ఇటుకలూ మోసీ మోసీ వీపు మీద రెండుచోట్ల వెంట్రుకే మొలవదు. దుమ్ముకు కళ్లు పొరలు కమ్మి, గోడలకు గుద్దుకోవడం మొదలయ్యాక ఎవరో తెచ్చి తాండూరు రైలు గేటు దగ్గర వదిలేసి పోయారు. మహెక్‌ది తాండూరే, వాళ్ల తాత మామిడితోట వికారాబాదు గుట్ట దారిలో ఉంది. చదువైపోయాక ఆ తోటలో రేకుల షెడ్లు వేసి కుంటివీ గుడ్డివీ చేర్చడం మొదలుపెట్టింది. ఊళ్లో దాన్ని గాడిదల తోట అంటారు. "ఏమమ్మా బుగ్గమ్మా, గాడిదలు బాగున్నయా?" అని ఆటోవాళ్లు పరాచికాలాడితే "నువ్వొక్కనివే తక్కువ, రా" అంటాను. నవాబు వచ్చిన రోజు షెడ్డు మూలకు పోయి గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు. వారం రోజులు నుదురు తీయలేదు. మేత మూతి దగ్గర పెడితే తినేవాడు, నీళ్ల తొట్టి ఎక్కడుందో చూపించడానికి తాడు పట్టి లాగితే వణికేవాడు. లాగితే దెబ్బ పడుతుందని వాడి లెక్క. అప్పుడు బొల్లి పోయింది వాడి దగ్గరికి.

బొల్లి మా గొర్రె. బొల్లి అన్నది పేరు కాదు, మొహం మీది తెల్ల మచ్చకు గుర్తు. మా నాయన గొర్రెకు పేరు పెట్టనిచ్చేవాడు కాదు, పేరు పెడితే తినేటప్పుడు ముద్ద దిగదని. కానీ నాయన పోయే ముందు రెండేళ్లు ఆయన నోట్లో రోజుకు వందసార్లు ఆ గుర్తే నలిగింది. బొల్లీ, బొల్లీ, ఆగే, వస్తున్న. మేం నవ్వుకునేవాళ్లం, ముసలాయనకు ముసలితనంలో ముద్దెక్కువైందని. ఒక వానాకాలం దానికి కాలు వాచి ఇంటి దగ్గరే కట్టేశాం. నాయన మిగతా మందను తోలుకుపోయాడు. చీకటి పడ్డా రాలేదు. గొర్రెలు వచ్చేశాయి, నాయన రాలేదు. టార్చిలు పట్టుకుని వెతికితే ఊరికి ఇంత దగ్గరలో, వాగు గడ్డన కూర్చుని ఉన్నాడు. టార్చి మొహం మీద వేస్తే రెప్ప కొట్టలేదు. "ఎవలు, బీరన్ననా?" అన్నాడు. రెండేళ్లుగా ఆయనకు కళ్లు లేవు. రెండేళ్లుగా ఆ గంట చప్పుడు పట్టుకుని పోయి, ఆ గంట చప్పుడు పట్టుకుని వచ్చాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెబితే మంద అమ్మేస్తామని భయం. ఆయన భయం నిజమే, అమ్మేశాం. ఆయన పోయాక అమ్మేశాం, ఆ మాత్రం ఆగాం. అన్నీ పోయాయి, బొల్లి మిగిలింది, ఈనడం మానేసిన గొర్రెను కసాయివాడు తప్ప ఎవరు కొంటారు. బీరన్న తల దించుకుని నిలబడ్డాడు. నేను తాడు పట్టుకుని బయల్దేరాను. అప్పటికి మా ఆయన పోయి ఏడాదైంది, దౌల్తాబాద్‌లో అత్తగారింట్లో నాకు పని తప్ప ఏమీ మిగల్లేదు. బొల్లిని గాడిదల తోటలో వదిలి సాయంత్రం బస్సుకు తిరిగొద్దామనుకున్నాను. మహెక్ చాయ్ ఇచ్చింది. చాయ్ తాగుతూ పక్కన తన్నుకులాడే మేక కుంటి కాలికి ఒక్కతే పుల్ల కట్టలేక ఆ పిల్ల పడుతున్న అవస్థ చూడలేక నేనే కట్టాను. నాలుగేళ్లయింది, ఆ బస్సు ఇంకా ఎక్కలేదు.

నవాబు వచ్చి వారమైన రోజు షెడ్డులో నేను పేడ ఎత్తుతున్నాను. బొల్లి తనంతట తాను నవాబు దగ్గరికి పోయింది. పోయి వాడి ముందు కాళ్ల దగ్గర నిలబడి తల విదిల్చింది. గంట మోగింది. వాడి చెవులు లేచాయి. అది నాలుగు అడుగులు వేసి ఆగి, మళ్లీ తల విదిల్చింది. వాడు వారం తర్వాత గోడ మీంచి నుదురు తీసి ఒక అడుగు వేశాడు. అది ఆగింది. వాడు ఇంకో అడుగు వేశాడు. షెడ్డు బయట చిన్న కాలువ ఉంది, నీళ్ల తొట్టి నుంచి మొక్కలకు పోయేది. బొల్లి ఆ కాలువ గట్టున ఆగిపోయి, వాడి మూతి తన వీపుకు తగిలేదాకా కదల్లేదు. తగిలాక రెండుసార్లు గంట విదిల్చింది, దిగింది, అవతల ఎక్కి మళ్లీ విదిల్చింది. వాడు కాలు దించి చూసుకుని, నెమ్మదిగా, నవాబులా, దాటాడు. పేడ గంప నా చేతిలోనే ఉండిపోయింది. ఎవరు నేర్పారు దానికి? ఎవరూ నేర్పలేదు, నాయన దాని వెనకాల నడిచాడు, అది నేర్చుకుంది. నాయన వాగు ఎలా దాటేవాడో, గట్ల మీద ఎలా ఆగేవాడో, రెండేళ్లు మాలో ఒక్కరం కూడా చూడలేదు. ఆ పొద్దున ఒక గొర్రే ఒక గాడిదా నాకు చూపించాయి. అక్కడే కూర్చుని ఏడ్చాను. మహెక్ పరిగెత్తుకొచ్చి ఏ జంతువు తన్నిందోనని నా కాళ్లూ చేతులూ తడిమి చూసింది.

నాలుగేళ్లు వాళ్లిద్దరూ అలా తిరిగారు. పొద్దున మేతకు, మధ్యాహ్నం మామిడి నీడకు, సాయంత్రం తొట్టి దగ్గరికి. బొల్లి పడుకుంటే వాడు పక్కనే నిలబడేవాడు. అది లేస్తే గంట మోగేది, వాడి చెవులు లేచేవి. ఆదివారం సాయంత్రం బొల్లి నెమరు వేయలేదు. పన్నెండేళ్ల గొర్రె, అంతకంటే ఎక్కువ ఆశపడకూడదని నాకూ తెలుసు. మహెక్ దాన్ని సెలైన్ పెట్టడానికి మందుల గదిలోకి తెమ్మంది. నడిపించుకుని తీసుకుపోయాను, గంట మోగుతూనే పోయింది, వాడు షెడ్డు గుమ్మం దాకా వచ్చి ఆగాడు. గుమ్మం దాటొద్దని బొల్లే నేర్పింది వాడికి, తాను తిరిగొచ్చేదాకా. రాత్రి మహెక్‌కు హైదరాబాదు నుంచి ఏదో ఫోనొస్తే పోవలసి వచ్చింది. నేను బొల్లి పక్కన పడుకున్నాను. కోడి కూసే వేళకు దాని ఊపిరి ఆగిపోయింది, నా చెయ్యి దాని మెడ మీదే ఉంది. ఏడుపు రాలేదు. చెయ్యి తనంతట తానే పోయి, అది పడుకున్న గడ్డిలోంచి పిడికెడు తీసి ఉండ చుట్టి గంట నోట్లో కుక్కింది. నాయన చెయ్యి ఎలా చేసేదో అలాగే చేసింది. గంట విప్పాను. నుదుటికి పసుపు రాశాను. తోటపని దశరథ్‌ను లేపి తోపుడుబండి తెమ్మన్నాను.

తోపుడుబండి షెడ్డు ముందు నుంచే పోవాలి. వేరే దారి లేదు. నవాబు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, రాత్రంతా అలాగే ఉన్నాడో ఏమో, మొహం మందుల గది వైపు. మేం వాడికి పది అడుగుల దూరంలోంచి పోయాం. చక్రం కిర్రుమంది. వాడు ఒక చెవి మా వైపు తిప్పాడు. బండి మీద బొల్లి ఉంది, నా చేతిలో గంట ఉంది, గంట మోగలేదు. వాడు చెవి మళ్లీ మందుల గది వైపు తిప్పేసుకున్నాడు. ఇదే. నాలుగు రోజులుగా నాకు కళ్లు మూస్తే కనిపిస్తున్నది ఆ చెవి తిరగడమే. కాలువ అవతల నేరేడు చెట్టు కింద గుంత తీసి పూడ్చి, మీద రాళ్లు పేర్చి, చేతులు కడుక్కుని, పద్ధతి ప్రకారం గంటను ఇంటికి చేర్చాలని బస్సెక్కి పెద్దేముల్ పోయాను. పద్ధతట, పద్ధతి. పారిపోయాను, ఇంకేం కాదు. ఆ గుమ్మం వైపు చూడలేక పారిపోయాను.

ఆ సాయంత్రం మహెక్ ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, "నవాబుకు సూపెట్టినవా అక్కా బొల్లిని?" అని అడిగింది. నాకు ఒళ్లు మండింది. "గాడిదకు పీనుగను సూపెడ్తరా ఎవలన్న? ఏం సదువు సదివినవ్ నువ్వు?" అన్నాను. ఆ పిల్ల "అట్లగాదక్కా, వాసన చూస్తే వాటికి ఎరుకైతది..." అని మధ్యలో ఆపేసింది. నేను అరిచాక ఆ పిల్ల ఎప్పుడూ ఎదురు చెప్పదు. ఇప్పుడేమో గంట పట్టుకుని పోతున్నాను, చిన్న గొర్రెకు కట్టడానికి. చిన్న గొర్రె తల విదిలిస్తుంది, వాడు బొల్లి వచ్చిందనుకుని లేస్తాడు, మూతి దాని వీపుకు ఆనిస్తాడు. ఆనించాక? వీపు వేరు, వాసన వేరు. తిండి కోసం గుడ్డివాణ్ణి మోసం చేయడమా? చేయకపోతే చస్తాడే. మోసపోయి బతికితే తప్పేముంది, బతికేదే ముఖ్యం అంటుంది ఒక మనసు. ఇంకో మనసుకు ఆ చెవి కనపడుతుంది. ఒకసారి చప్పుడు దాచి మోసం చేశావు బుగ్గమ్మా, ఇప్పుడు చప్పుడు చేసి మోసం చేస్తావా అంటుంది. రెండు మనసులనూ ఒక సంచీలో పెట్టి ఒళ్లో పట్టుకుని కూర్చున్నాను.

ధారూర్‌లో సీతాఫలాల గంప ఎక్కింది, దాని వెనకాల ఒక ముసలామె ఎక్కింది. గంపను కాళ్ల మధ్య సర్దుకుని, నాకెదురుగా కూర్చుని, కొంగుతో చెమట తుడుచుకుంటూ నన్నూ సంచినీ మార్చి మార్చి చూసింది. "ఏమున్నదమ్మా సంచిల? చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నవ్" అంది. వేరే రోజైతే నీకెందుకు అనేదాన్ని. తీసి చూపించాను. చూపించాక చెప్పకుండా ఉండలేకపోయాను, గొర్రె, గాడిద, గడ్డి, తోపుడుబండి, అన్నీ. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గంటను చేతిలోకి తీసుకుని, నోట్లో ఉన్న గడ్డిని వేలితో తాకి చూసింది. తన పేరు షాహజాది అని చెప్పింది. "మా ఆయన లారీ నడిపెటోడు. గుల్బర్గ అవతల బోల్తవడ్డది. గుడ్డలు చుట్టి తెచ్చిండ్రు. మొకం సూడకు, సూస్తె జిందగీ మొత్తం నిద్ర రాదు అన్నరు. పెద్దోళ్లు, నా మంచికే అన్నరు. సూడలే. పన్నెండేండ్లాయె. గీ రోజుకు గూడ ఇంటి ముంగట లారీ హారన్ కొడితె నా చెయ్యి చెంబు మీదికి పోతది. కాళ్లకు నీళ్లియ్యాలె గదా అని." చెంబు పట్టుకున్నట్టు చెయ్యి చాపి చూపించింది, చూపించి తనే నవ్వింది. "ఎరుక లేకనా? ఎరుకే. ఖబ్రస్తాన్‌ల ఉన్నడని ఎరుకే. చెయ్యికి ఎరుక లేదు. మొకం సూసుంటే ఏడ్చి ఊకుందునమ్మా." గంట తిరిగిచ్చేసింది. తర్వాత గోధుమగూడ దాకా సీతాఫలాల ధర ఎలా పడిపోయిందో చెప్పింది, నేను ఊఁ కొట్టాను, ఒక్క ముక్కా వినలేదు.

చెయ్యికి ఎరుక లేదు. వాడి చెవికీ ఎరుక లేదు. గంట మందుల గదిలోకి పోవడం విన్నది, బయటికి రావడం వినలేదు. కాబట్టి గంట ఇంకా ఆ గదిలోనే ఉంది. గదిలో ఉన్నది వస్తుంది. వచ్చేదాకా గుమ్మం దాటొద్దు. వాడి లెక్కలో తప్పెక్కడుంది? తప్పంతా నా లెక్కలో ఉంది. మందకు చెప్పిన మాటను నేను ఒక్కడికి వాడాను. నాయన ఆ రోజు వాగు గడ్డన కూర్చుని ఏం చేశాడు? బొల్లి ఇంటి దగ్గర కట్టేసి ఉందని ఆయనకు తెలుసు, తెలిసినా చెవి ఎటు పెట్టి కూర్చున్నాడు? నాయనా, నీ గంటను గాడిద కోసం తీసుకుపోతున్నానని బీరన్నకు కోపం. నీకు కోపం లేదు కదా. నీలాగే ఆ గంట వెనకాల నడిచినవాడే కదా వాడు కూడా.

వికారాబాదులో దిగి, షాహజాది గంపకు ఒక చెయ్యి వేసి దించి, గుట్ట దారిలో పోయే ఆటో ఎక్కాను. "ఏమమ్మా, గాడిదలు..." అని మొదలుపెట్టిన ఆటోవాడు నా మొహం చూసి బండి మీద ధ్యాస పెట్టాడు. తోట గేటు దగ్గర మహెక్ నిలబడి ఉంది, పక్కన చిన్న గొర్రె, దాని మెడకు కొత్త తాడు సిద్ధంగా. మూడు రోజుల్లో ఆ పిల్ల మొహం పీక్కుపోయింది. "కడదామా అక్కా?" అంది. "వద్దు బిడ్డా. ముందు వాన్ని దానికాడికి తీస్కపోత. ఎరుకైనంక ఎవలికి గట్టాల్నో సూద్దాం" అన్నాను. మహెక్ గొర్రెను వదిలేసింది. నువ్వు చెప్పిందే నిజమని నేను అనలేదు. అనాల్సింది, తర్వాత అంటాను.

వాడు గుమ్మంలోనే ఉన్నాడు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ముందు మేత అలాగే ఉంది, దశరథ్ కోసి పెట్టిన క్యారెట్ ముక్కలు ఎండి వంకర తిరిగాయి. మొహం మందుల గది వైపు. నేను నేరుగా మందుల గదిలోకే పోయాను. వాడి లెక్క ప్రకారం అక్కడి నుంచే రావాలి కదా. గోడకు ఆనుకుని గంటలోంచి గడ్డి పీకాను. తేమకు ముద్దకట్టి ఉంది, దానికి రెండు తెల్లటి ఉన్ని పోగులు అంటుకుని ఉన్నాయి. ముద్దను ఎడమ పిడికిట్లో పట్టుకుని, గుమ్మంలోకి వచ్చి గంట ఊపాను. రెండు చెవులూ ఒక్కసారి లేచాయి. వాడి గొంతులోంచి ఒక చిన్న చప్పుడు వచ్చింది, ఓండ్ర కాదు, బొల్లి కోసం మాత్రమే చేసే చప్పుడు. అది విన్నాక గంట అక్కడే పారేసి పారిపోదామనిపించింది నాకు, మళ్లీ. పారిపోలేదు. వాడి మూతి కిందికి వంగి గాలిలో వెతుకుతోంది, నా మోకాలి ఎత్తులో, బొల్లి వీపు ఉండాల్సిన చోట. అందుకని నేనూ వంగాను. వంగి, గంటను మోకాలి దగ్గర పట్టుకుని, నాలుగు అడుగులు వేసి ఆగాను. ఊపాను. వచ్చాడు. మళ్లీ నాలుగు అడుగులు. కాలువ గట్టున మూతి నా నడుముకు తగిలేదాకా ఆగి, రెండుసార్లు ఊపి దిగాను. దాటాడు.

నేరేడు చెట్టు కింద రాళ్లు పక్కకు జరిపి, గంటను మట్టి మీద పెట్టి చెయ్యి తీసేశాను. గంట ఇక మోగలేదు. వాడు కాసేపు విన్నాడు. తర్వాత మూతి దించి గంటను, మట్టిని, మళ్లీ గంటను వాసన చూశాడు. ముక్కు పుటాలు మట్టిలో దూరాయి. ముందు కాలితో ఒకసారి గీరాడు, ఇంకోసారి గీరాడు, ఆపేశాడు. తల ఎత్తి ఓండ్ర పెట్టాడు. గాడిద ఓండ్ర పెడితే లోకం నవ్వుతుంది, నేనూ ఎన్నోసార్లు నవ్వాను. తోటంతా, గుట్టంతా విన్నది. కుంటి మేకలు మేత ఆపాయి, దూరంగా మహెక్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు పెట్టాల్సినంతసేపు పెట్టాడు. సోమవారం రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది, బొల్లి కోసం వచ్చింది, దాని వెనకాలే నాయన కోసం వచ్చింది, మట్టి మీద కూలబడి గట్టిగానే ఏడ్చాను.

ఎంతసేపయిందో, ఎడమ పిడికిలి మీద వెచ్చగా తగిలింది. వాడి మూతి. పిడికిలి విప్పాను. నలిగిన గడ్డి ఉండ, రెండు ఉన్ని పోగులు. చాలాసేపు వాసన చూశాడు. పై పెదవితో అటూ ఇటూ దొర్లించాడు. తర్వాత మెల్లగా నోట్లోకి తీసుకుని నమిలాడు. పళ్ల చప్పుడు వినపడింది. నాలుగు రోజుల తర్వాత మొదటి ముద్ద. "అక్కా, తింటుండు" అని వెనక నుంచి మహెక్ గుసగుసగా అంది, గట్టిగా అంటే మానేస్తాడేమోనని. చెట్టు కింద పచ్చిగడ్డి పీకి అరచేతిలో పెట్టాను. అదీ తిన్నాడు.

పొద్దు వాలుతోంది, షెడ్డుకు పోవాలి. నేను లేచి నిలబడ్డా వాడు కదల్లేదు, ఎటు కదలాలో తెలియదు పాపం. చిన్న గొర్రె కోసం తెచ్చిన కొత్త తాడు మహెక్ చేతిలోనే ఉంది. అడిగి తీసుకున్నాను. చీర పైకి దోపుకుని, గంటను నా మోకాలి కింద కట్టుకున్నాను. మహెక్ ఏడుపులో నవ్వింది. బీరన్న చూస్తే వారం రోజులు నవ్వుతాడు, నవ్వనీ. నాలుగు అడుగులు వేసి ఆగాను. వెనకాల డెక్కలు కదిలాయి. బొల్లి కాదని వాడికి ఇప్పుడు తెలుసు, అయినా వస్తున్నాడు. కాలువ గట్టున ఆగి కాలు రెండుసార్లు విదిల్చాను. డెక్కల చప్పుడు ఆగింది, నా వీపు మీద వెచ్చటి ఊపిరి తగిలింది.

"కాలువున్నది నాయినా, మెల్లగ" అన్నాను.